ఒక్క స్టిక్కు ఆట

"వదినా, అక్కడే ఆగు. చెయ్యి వేశావంటే ఊరుకోను."

గుమ్మంలోనే ఆగిపోయాను. చేతిలో కాఫీ కప్పు, నోట్లో పది మాటలు. ఒక్కదాన్నీ బయటకి రానివ్వలేదు.

మా ఆడపడుచు మంచం మీద మోకాళ్ళేసుకుని, బ్యాగు జిప్పుతో కుస్తీ పడుతోంది. జిప్పు వెయ్యాలంటే ఒక చెయ్యి గుడ్డని బిగించి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి లాగాలి. లాగడానికి ఎడమచెయ్యి ఉంది. పట్టుకోవలసిన కుడిచెయ్యి మాత్రం పొడుగు చొక్కా చేతిలో దాక్కుని, ఈ గొడవ తనది కాదన్నట్టు ఒళ్ళో పడి ఉంది. అందుకని గుడ్డని పళ్ళతో పట్టుకుంది.

కొన్ని నెలల కిందట బండి మీంచి పడినప్పుడు దాని భుజం దగ్గర నరం దెబ్బతింది. మోచేతి కింద నుంచి స్పర్శా లేదు, కదలికా లేదు. ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చాం. వచ్చినరోజే ఒక షరతు పెట్టింది. తను అడిగితే తప్ప ఎవరూ సాయానికి రాకూడదట. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. చొక్కా గుండీలతో అరగంట అవస్థ పడుతుంది కానీ అడగదు. తలుపు బయట నిలబడి నేను నాలుక కొరుక్కుంటూ ఉంటాను. నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు మరి.

"ఎక్కడికి ప్రయాణమో తెలుసుకోవచ్చా?"

"నా అద్దె గదికి." పళ్ళ సందులోంచి వచ్చింది జవాబు.

"అక్కడ డబ్బాల మూతలు ఎలా తీస్తావు?"

"మూతల్లేని డబ్బాలు కొనుక్కుంటా."

"జడ ఎలా వేసుకుంటావు?"

"గుండు చేయించుకుంటా. మా షాపులోనే. డబ్బులు కూడా తీసుకోరు."

ఆ మాట అనేసి తనే చప్పున ఆగిపోయింది. జుట్టు కత్తిరించడం దాని వృత్తి. ఆ కుడిచేతిలో కత్తెర ఆడుతుంటే కుర్చీలో కూర్చున్నవాళ్ళు కళ్ళు మూసుకుని నిద్రపోయేవాళ్ళు. అంత మెత్తటి చెయ్యి. ఇప్పుడు ఆ కుర్చీ వెనక ఇంకెవరో నిలబడుతున్నారు. ఇంట్లో ఎవరం ఆ ప్రస్తావన తీసుకురాం. ఇవాళ తనంతట తనే తెచ్చింది.

ఇంతలో జిప్పు బర్రుమంటూ చివరిదాకా వెళ్ళింది. మధ్యలో గుడ్డ మడత ఒకటి దాని పళ్ళలో ఇరుక్కుపోయింది. అయినా సరే, ఊరు గెలిచినదానిలా నా వంక చూసింది.

"కాఫీ ఇటివ్వు. సాయంత్రం టాక్సీ వస్తుంది."

ఇచ్చేసి హాల్లోకి వచ్చాను. లోపల అణిచిపెట్టుకున్నదంతా ఎవరో ఒకరి మీద కుమ్మరించాలి కదా, సెలవురోజు ఇంట్లో ఉన్న మా ఆయన దొరికారు.

భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, వీడియో గేము ఆడే కంట్రోలర్‌ని విప్పి పెట్టుకుని కూర్చున్నారు. నిన్న సాయంత్రం పిడుగు దాన్ని నేలకేసి కొట్టింది. పిడుగు అంటే ఆడపడుచే. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య పెట్టిన పేరు. ఆ దెబ్బకి కంట్రోలర్ కుడివైపు, బొటనవేలితో తిప్పే స్టిక్కు విరిగి సోఫా కిందకి దొర్లింది. ఇప్పుడు ఈయన దాన్ని అతికించే ప్రయత్నంలో ఉన్నారు, అదీ నా స్క్రూడ్రైవరుతో. కళ్ళజోళ్ళ షాపు నడిపేదాన్ని, నా పనిముట్లు ముట్టుకుంటే నాకు ఒళ్ళు మంట.

"అది నాది. కళ్ళజోళ్ళకి. మీ బొమ్మలకి కాదు."

"రెండు నిమిషాలు."

"చెల్లెలు బ్యాగు సర్దేసింది. మీరు ఇక్కడ స్టిక్కు అతికిస్తున్నారు."

ఈయన తలెత్తలేదు. "నేనేం తప్పు చేశానో నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు. దాని కోసమే కదా చేశాను? ఆఫీసు పనయ్యాక, సెలవు రోజుల్లో కూచుని చేశాను."

అందులో అబద్ధం లేదు. మా ఆయన వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పనిచేస్తారు. ఆటలో మనిషి కళ్ళతో లోకాన్ని చూస్తూ, తుపాకీ పట్టుకుని పోతుంటామే, ఆ రకం ఆటలు. బొమ్మలు ఎవరు వేస్తారో నాకు తెలీదు గానీ, ఏ వేలి కింద ఏ పని ఉండాలో తేల్చేది మాత్రం ఈయనే. ఇంట్లో గరిటె ఎక్కడుంటుందో ఈయనకి తెలీదు, అది వేరే సంగతి.

నిన్న సాయంత్రం చెల్లెల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, తెరవమన్నారు. తెర మీద కొత్త ఆట మెనూ. అందులో కంట్రోలర్ పద్ధతుల జాబితా. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, 'పిడుగు పద్ధతి' అని ఉంది. అందులో ఒక్క బటను నొక్కితే చాలు. మిగతాదంతా ఆటే చూసుకుంటుంది. నడిచేది అదే, తిరిగేది అదే, గురి పెట్టేదీ అదే.

పిడుగు కాసేపు ఆడింది. తర్వాత కంట్రోలర్ నేల మీద ఉంది.

"చెల్లెలి కోసం చేశారు, బాగానే ఉంది," అన్నాను. "చెల్లెల్ని అడిగి చేశారా?"

"అడిగితే వద్దంటుంది కదా."

"మరి అడక్కుండా చేస్తే ఏమంది?"

ఈయన చేతిలో నా స్క్రూడ్రైవరు ఇంకో చుట్టు తిరిగింది.

"తాడుందా వదినా? జిప్పు ఊడొచ్చేట్టుంది." పిడుగు హాల్లోకి వచ్చింది. అన్నయ్య చేతిలో ఉన్నది చూసి మొహం గంటు పెట్టుకుంది. "అది అతికించకు. నాకేం పనికొస్తుంది ఆ స్టిక్కు?"

"నీకోసం కాదు, నాకోసం."

"అయితే అతికించుకో."

ఈయన స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు. "అసలు నీకు నచ్చనిదేంటో చెప్పి వెళ్ళు. పేరు నచ్చలేదా? తీసేస్తాను. ఇంకేంటి?"

"అన్నయ్యా, గురి అదే పెడుతుంది, నడిచేదీ అదే. ఇంక నేనెందుకు అక్కడ? టీవీ ముందు సోఫాలో దిండుంటుంది చూడు, అది ఆడినా గెలుస్తుంది."

నవ్వొచ్చింది నాకు. ఆపుకున్నాను. ఈయన మాత్రం నిజంగా నొచ్చుకున్నారు.

"నీకు కష్టం కాకూడదని..."

"కష్టం లేకపోతే ఆటేంటి?" అని, కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుంది కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. "నీకో సంగతి చెప్పనా? పరీక్షకని నువ్వు ఇంటికి తెచ్చిన ఆ కొత్త ఆట, మీరిద్దరూ పనులకెళ్ళాక నేను రోజూ పెడుతున్నాను. నిన్నటి నీ అట్టహాసానికి ముందు నుంచే."

ఈ ముక్క నాకూ తెలీదు. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"మొదటిరోజు ఎడమ స్టిక్కుతో నడిచాను. కాళ్ళు ఎడమ స్టిక్కులో, కళ్ళు కుడి స్టిక్కులో పెట్టారు కదా మీరు. నడవగలను, తిరిగి చూడలేను. పోయి పోయి గోడ ముందు ఆగాను. తిరగడానికి లేదు. ఆ గోడ పెచ్చులు లెక్కపెడుతూ కూచున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పటి మన మొదటి గేముకి అసలు రెండు స్టిక్కులు ఎక్కడున్నాయి?"

ఈయన మొహంలో ఏదో మారింది.

"ఒకటే," అన్నారు నెమ్మదిగా.

"ఒకటే. ముందుకి తోస్తే నడుస్తాం, పక్కకి తోస్తే అటు తిరుగుతాం. గురి పెట్టాలంటే పై అంచున బటను నొక్కి పట్టుకోవాలి. అప్పుడు కాళ్ళు ఆగిపోతాయి, అదే స్టిక్కు తుపాకీని తిప్పుతుంది. గుర్తుందా? నువ్వు నా వెనక కూచుని 'ఆగు, చూడు, కొట్టు' అని అరిచేవాడివి."

"నువ్వు ఆగకుండానే కొట్టేదానివి."

"అందుకే చచ్చేదాన్ని." నవ్వింది. ఎన్నాళ్ళకో. "తర్వాత రెండు స్టిక్కులవి వచ్చాయి. వదినా, నువ్వు చూడలేదు కానీ, అప్పుడు ఈ మహానుభావుడు ఆటలో ఒక వారం పాటు ఆకాశాన్ని చూస్తూ గోడలకి గుద్దుకున్నాడు. 'ఎవడ్రా ఇది పెట్టింది, మనిషికి ఒక్క బుర్రే కదా' అని తిట్టేవాడు."

"నీకు ఒక్క సాయంత్రంలో వచ్చేసింది," అన్నారీయన. "నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో."

"తర్వాత ఏ కంపెనీ ఆట కొన్నా అదే పద్ధతి. ఎడమ కాళ్ళు, కుడి కళ్ళు. బానే ఉంది. నాకూ ఇష్టమే. కానీ మెనూలో అడుగున ఎక్కడో ఒక మూల 'పాత పద్ధతి' అని ఉండేది. ఒక్క స్టిక్కుది. నీ ఆటల్లో కూడా ఉండేది. నేను చూశాను." గొంతు తగ్గింది. "అది ఈ కొత్త ఆటలో వెతికాను అన్నయ్యా. పైనించి కిందదాకా, మళ్ళీ కిందనించి పైదాకా. లేదు. ఎవరు తీసేశారు?"

ఈయన విరిగిన స్టిక్కుని పత్రిక మీద పెట్టేశారు.

"నేనే," అన్నారు మా ఆయన.

పిడుగు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఎవరూ వాడట్లేదు పిడుగూ. ప్రతి పద్ధతినీ ఆటంతా ఆడి పరీక్షించాలి. కొత్తవాళ్ళు పొరపాటున అది ఎంచుకుని, ఆటే బాలేదంటున్నారు. మీటింగులో నేనే అన్నాను, తీసేద్దామని."

"ఎవరూ అంటే?"

"అంటే... చాలా తక్కువమంది."

"ఆ తక్కువమందికి ఎన్ని చేతులున్నాయో అడిగారా?"

కోపంతో అన్న మాట కాదది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. కోప్పడి ఉంటే బాగుండేది.

కాసేపటికి లేచి గదిలోకి వెళ్ళిపోయింది. తాడు సంగతి మర్చిపోయింది. నేను గుర్తుచెయ్యలేదు.

"తిట్టు," అన్నారీయన నాతో. "నువ్వయినా తిట్టు."

"తిట్టడానికి ఏం మిగిల్చింది కనక? లేవండి. చెయ్యగలిగిందేదో చెయ్యండి."

"నువ్వనుకున్నంత తేలిక కాదు. రేపటి మీటింగుతో మెనూకి తాళం పడుతుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చనివ్వరు."

"రేపటి సంగతి రేపు. ఇవాళ సాయంత్రం టాక్సీ వస్తోంది. దాని సంగతి చూడండి ముందు."

అప్పుడు లేచారు. ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించారు. పాత పద్ధతిని కోసి పారెయ్యలేదట, మెనూలో కనపడకుండా దాచారట. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపారే గానీ కదల్లేదు. కంచం తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయింది. నాకు ముచ్చటేసింది, చిరాకూ వేసింది. ఈ అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే మొండితనం. మా అత్తగారు దాన్ని చెరిసగం పంచలేదు, ఇద్దరికీ నిండుగా ఇచ్చారు.

పొద్దు వాలుతుండగా చెల్లెలి గది తలుపు తట్టారు.

"టాక్సీ వచ్చేలోపు ఒక్కసారి చూడవా? నచ్చకపోతే నేనే బ్యాగు టాక్సీ దాకా మోసుకొస్తాను."

"నా బ్యాగు నేనే మోసుకుంటాను," అంటూనే వచ్చింది.

తెర మీద మెనూ. ఈసారి పెద్ద అక్షరాలు లేవు, పిడుగు పేరూ లేదు. జాబితాలో అన్నిటికన్నా అడుగున, మిగతావాటంత అక్షరాలతోనే, 'పాత పద్ధతి' అని ఉంది. ఆడపడుచు ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది.

అన్నయ్య తిరిగి బిగించిన కంట్రోలర్ అందుకుంది. కుడివైపు స్టిక్కు ఉండవలసిన చోట ఉత్త గుంట. దాన్ని ఒళ్ళో దిండు మీద ఆనించి ఎడమచేత్తో పట్టుకుంది. బొటనవేలు స్టిక్కు మీద, చూపుడువేలు గురి బటను మీద, మధ్యవేలు పేల్చే మీట మీద.

ముందుకి తోసింది. నడిచింది. పక్కకి తోసింది. గోడ జరిగిపోయి వీధి కనపడింది.

"తిరిగింది," అంది చిన్న గొంతుతో.

ఆ తర్వాత చచ్చిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ చచ్చిపోయింది. అక్కడ మెట్లున్నాయి, మెట్ల మీద తుపాకులవాళ్ళున్నారు. దీని వేలు జారుతోంది, కంట్రోలర్ దిండు మీంచి పక్కకి పోతోంది. మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. నుదుట చెమటలు.

"ఎడమపక్క..." అని మా ఆయన నోరు తెరిచారు. తొడ మీద గిల్లాను. మూసేశారు.

"ఆగు," అని తనలో తనే గొణుక్కుంది పిడుగు. "చూడు. కొట్టు."

ఒకడు పడ్డాడు. ఆగింది, చూసింది, కొట్టింది. ఇంకొకడు. నాకు ఆ ఆటలో ఓనమాలు తెలీవు, అయినా సోఫా అంచుకి జరిగి కూర్చున్నాను. మెట్లన్నీ ఎక్కేసింది. పైన డాబా. తల పైకెత్తి చూడాలనిపించిందేమో, గురి బటను పట్టుకుని స్టిక్కుని కిందకి లాగింది. తెర నిండా ఆకాశం వచ్చింది.

ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది.

"కిందకి లాగితే పైకి చూస్తోంది," అంది.

"నీకు అలాగే కదా అలవాటు. అందుకే అలా పెట్టాను."

మా ఆయన నాకు అర్థమయ్యేలా చెప్పారు. అందరూ పైకి చూడ్డానికి స్టిక్కుని పైకే తోస్తారట. చిన్నప్పుడు దీనికి విమానం ఆట పిచ్చి. విమానం ముక్కు లేవాలంటే కిందకి లాగాలి. ఆ అలవాటు తర్వాత ఏ ఆటలోనూ పోలేదు. 'నీ బుర్ర తలకిందులుగా పెట్టారే' అని ఏడిపించేవారట.

"ఇన్నేళ్ళయిందిగా అన్నయ్యా. ఎలా గుర్తుంది?"

"నీ తర్వాత నేను ఆడాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని మార్చుకోవాల్సొచ్చేది. ఎలా మర్చిపోతాను?"

దాని కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకోవాలంటే కంట్రోలర్ వదలాలి. వదల్లేదు.

"ఏడుస్తున్నాను. ఎవరూ ఓదార్చకండి."

"ఓదార్చం. కానివ్వు," అన్నాను. అలా అంటూ నేనూ ఏడ్చాను. ఇంక మా ఆయన సంగతి సరేసరి.

కింద టాక్సీ హారన్ మోగింది. ముగ్గురం కదల్లేదు. మళ్ళీ మోగింది. నేనే వెళ్ళి, అక్కర్లేదని చెప్పి, శ్రమకి ఏదో ఇచ్చి పంపేశాను. తిరిగొచ్చేసరికి హాల్లో గొంతులు లేచి ఉన్నాయి. చాల్లే సంబడం, ఇంత సేపైనా సఖ్యంగా ఉన్నారు కదా అనుకున్నాను.

"రేపు ఇది మెనూలో ఉంటుందా, ఉండదా?" పిడుగు అడుగుతోంది.

"అడుగుతాను. కానీ తీసేద్దామన్నది నేనే. ఇప్పుడు నేనే పెట్టమంటే ఎందుకంటారు. మా చెల్లెలికి ఇలా అయిందని చెప్పాలి..."

"చెప్పకు!"

"మరేం చెప్పను?"

"నాకోసం అనకు. నామీద జాలితో మెనూలో పెట్టే లైను నాకొద్దు. నాలాగా గోడ ముందు కూచున్నవాళ్ళు ఇంకెంతమందున్నారో, వాళ్ళకి నీలాంటి అన్నయ్య లేడు. వాళ్ళ ఇంటికి ల్యాప్‌టాప్ పట్టుకుని ఎవరొస్తారు?"

"అది నేను చెప్తే పాఠం చెప్పినట్టుంటుంది పిడుగూ. వాళ్ళు నమ్మరు."

"అయితే నువ్వు చెప్పొద్దు." కంట్రోలర్ బల్ల మీద పెట్టింది. "నేను చెప్తా. నేనొస్తా రేపు నీతో. వాళ్ళందరి ముందూ ఆ మెట్లెక్కి చూపిస్తా."

ఇద్దరం నోళ్ళు తెరిచాం. దెబ్బ తగిలాక ఆసుపత్రికి తప్ప గుమ్మం దాటలేదీ మనిషి. పక్కింటావిడ వస్తే గదిలోకి పోతుంది. చెయ్యి కనపడకుండా ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కాలే.

"అక్కడ ఇరవైమంది ఉంటారే," అన్నారు మా ఆయన భయంభయంగా.

"ఉండనీ. ముందు నువ్వు ఆ జుట్టు సరిచేసుకో, కాకిగూడులా ఉంది. నా పక్కన అలా వస్తే నా పరువు పోతుంది."

అనేసి గదిలోకి వెళ్ళింది. వెనకే వెళ్ళి, షరతు గుర్తొచ్చి, గుమ్మంలోనే ఆగాను.

మంచం మీద కూర్చుని బ్యాగు వంక చూస్తోంది. "నీలం చొక్కా అడుగున ఉంది. పొట్టి చేతులది. రేపటికి అదే వేసుకుంటా."

"ఊఁ."

ఎడమచేత్తో జిప్పు పట్టుకుని లాగింది. పొద్దున పంతానికి వేసిన జిప్పు, గుడ్డ మడతని కరిచిపట్టుకుని ఉంది. కదల్లేదు. మళ్ళీ లాగింది. పళ్ళతో పడుతుందేమో అనుకున్నాను. వంగింది కూడా. వంగి, ఆగి, తలెత్తి నా వంక చూసింది.

"వదినా."

"చెప్పమ్మా."

"ఈ చివర కాస్త పట్టుకోవూ."

అంతదూరం గుమ్మం నుంచి ఎలా వెళ్ళానో తెలీదు. పక్కన కూర్చుని ఆ గుడ్డ చివర రెండు చేతులా పట్టుకున్నాను.

"వాళ్ళు కాదంటే?" అంది జిప్పు వంకే చూస్తూ. పొద్దుటి గొంతు కాదది. చిన్నపిల్ల గొంతు.

కాదనరని చెప్పాలనిపించింది. కానీ నాకేం తెలుసు? ఆ ఇరవైమందిలో నాకు తెలిసింది ఒక్కరే, దాన్ని తీసేద్దామన్నదీ ఆయనే.

"తెలీదే," అన్నాను. "లాగు. నేను పట్టుకున్నాను."